ఫోనమ్మతో భోజనం

"కడుపు కోయించి చిన్నది చేయించుకున్నావు సరే, పనిలో పని ఆ నోరు కూడా కుట్టించుకోవాల్సింది," అన్నాడు మొగుడు. ఆమె సింకు దగ్గర నిలబడి, కూతురు వదిలేసిన అన్నం నోట్లో వేసుకుంటోంది. ఆ మాటకు తనే ముందు నవ్వింది. ఆ ఇంట్లో ఆమె మీద వేసే జోకులకు మొదటి నవ్వు కూడా ఆమే సప్లై చేయాలి.

అసలు ఆ ఒళ్లు ఊరికే వచ్చిందా? కూతురు వదిలింది, మొగుడు కెలికింది, అత్తగారు "పారేస్తే పాపం" అంటూ గిన్నె అడుగున ఉంచింది, అన్నీ చేరింది ఆ పొట్టలోకే. చెత్తబండి వాళ్ల గుమ్మం దాకా వచ్చి ఉత్త చేతులతో వెళ్లిపోయేదంటే నమ్మండి. ఇప్పుడు ఆపరేషన్ చేసి పొట్టను గుప్పెడంత చేశారు. పొట్ట మారింది గానీ ఇల్లు మారలేదు. ఎప్పటిలాగే మింగడం, బాత్రూంలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో వాంతి చేసుకోవడం. ఇలాగే సాగితే మళ్లీ ఆసుపత్రి మంచం ఎక్కాల్సిందేనన్నాడు డాక్టరు. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఇంకో జోకు పుడుతుంది.

చెప్పింది ఫోనమ్మ ఒక్కదానికే. ఆసుపత్రి తరఫున వారానికోసారి వీడియోలో పలకరించే కౌన్సెలర్‌కు మొగుడు పెట్టిన పేరది. మొదటిసారి అతనే ఫోను ముందు తిష్ఠ వేసి, "ఆవిడకేం మేడమ్, బ్రహ్మాండంగా ఉంది," అంటూ జవాబులన్నీ చెప్పేశాడు. ఫోనమ్మ ఓపిగ్గా విని, "మీ సంగతి తెలిసిందండీ. ఆపరేషన్ అయినావిడను కూడా ఒకసారి పిలుస్తారా?" అంది. ఆ రోజే ఆమెకు ఆ గొంతు మీద ప్రేమ పుట్టింది.

వాంతుల సంగతి విన్నాక ఫోనమ్మ తిట్టలేదు, భయపెట్టలేదు. "ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి తిందాం. మీరక్కడ, నేనిక్కడ. కూర్చుని, వేడివేడిగా," అంది.

కూర్చుని, వేడిగా! పెళ్లయ్యాక ఈ రెండూ ఒకేసారి జరిగినట్టు ఆమెకు గుర్తు లేదు.

ఆదివారం ఫోనును నీళ్ల జగ్గుకు ఆనించి, చిన్న గిన్నెలో తన అన్నం పెట్టుకుని అందరితో పాటు కూర్చుంది.

"వడ్డించేదెవరమ్మాయ్?" అంది అత్తగారు.

"అన్నీ మీ ముందే పెట్టాను అత్తయ్యా."

తెర మీద ఫోనమ్మ నములుతోంది. ఆమె నమిలితే ఈమె నమిలింది, ఆమె ఆగితే ఈమె ఆగింది. నా వంట ఇంత బాగుంటుందని ఒక్కరూ చెప్పలేదేం, అనుకుంది.

మొగుడు లేస్తూ, అలవాటుగా సగం తిన్న కంచం ఆమె వైపు తోశాడు. "ఇది కానిచ్చెయ్."

ఆమె చెయ్యి దానంతటదే లేవబోయింది. ఫోనమ్మ నమలడం ఆపి చూస్తోంది.

"నాకు చాలండీ."

"మరి ఇదెవరు తింటారు?"

"పెట్టుకున్నవాళ్లే."

కూతురు కిసుక్కుమంది. అతను సాయం కోసం తల్లి వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం? కూర్చుని తినరా, చల్లారిపోతుంది," అంది అత్తగారు.

తర్వాత ఆమె ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. "మేడమ్, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో..." అంది.

"నాకెందుకండీ?" అంది ఫోనమ్మ. "నేను నా అన్నం తిన్నానంతే. ఇవాళ మీరూ అంతే కదా."