తొమ్మిదో పేరు తర్వాత

అరిటాకులు తుడవడం నా పని. తడిగుడ్డతో అటొకసారి, ఇటొకసారి, ఆకు చిరగకుండా. డిసెంబరులో క్రిస్మస్‌కి అయాకలు వండే రోజు మా అత్తగారు బెల్కిస్ పొద్దున్నే వంటింటి మధ్యలో నిలబడి ఎవరి చోటేదో చెప్పేస్తుంది. మొక్కజొన్న పిండి ఆకు మీద పల్చగా తట్టి, మధ్యలో మాంసం కూర పెట్టి మడిచేది ఆవిడ. దారంతో కట్టి గంగాళంలో వేసేది నా తోడికోడలు నోయెలియా. ఆకులు నేను, అదీ వంటింట్లో కాదు, వెనక వరండాలో, బట్టలుతికే తొట్టి పక్కన. పెళ్ళయిన కొత్తలో నేనూ పిండి తట్టేదాన్ని, బాగానే తట్టేదాన్ని. ఇప్పుడు నా చెయ్యి తగిలితే అయాకలు ఉడికేటప్పుడు పగిలిపోతాయట. "ఆకైతే ఫరవాలేదమ్మా," అంది ఆవిడ నన్ను వరండాకి మార్చిన ఏడాది, ఎంతో ప్రేమగా. "ఎటూ విప్పి పారేసేదే కదా."

ఈసారి అయాకల రోజూ బేస్‌బాల్ ఆట రోజూ ఒకటే అయ్యాయి. సాయంత్రం ఆట గెలిస్తే మా టీం తర్వాతి దశకి వెళ్తుంది, ఓడితే ఈ ఏటికి ఇంతే. మధ్యాహ్నం నుంచే ముందు గదిలో మగవాళ్ళు చేరారు. నా మొగుడు ఎలాదియో, మరిది ఆర్హెనిస్, పక్కింటి ట్రినో. చల్లటి బీరు, వేయించిన అరటికాయ ముక్కలు, ఎవరిని ఆడించాలి, ఎవరిని బయట కూర్చోబెట్టాలి అని గొడవ. ఆ గొడవంతా గోడ అవతల్నించి నాకు వినబడుతూనే ఉంది.

"అరియేచేని దింపాలి. అనుభవం, గురూ, అనుభవం!" అంటున్నాడు ట్రినో. అరియేచే మా పాత పిచర్, ఎడం చేత్తో బంతి విసురుతాడు.

"వాడి చెయ్యి చచ్చి ఏడాదైంది. మొన్న వాడు విసిరిన బంతిని మా అమ్మ కూడా కొట్టేది," అన్నాడు ఆర్హెనిస్.

"అరిచి చావకండి. కుర్రాడు తోవార్ దిగాలి. వాడికి భయమంటే తెలీదు," అన్నాడు ఎలాదియో.

"తెలీదులే, పెళ్ళి కాలేదుగా!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. తర్వాత మూడో బేస్ దగ్గర ఎవరన్నది తేలక ఇంకాసేపు కొట్టుకున్నారు. అక్కడ ఎలాదియో గొంతు మెత్తబడింది. "ఎస్కలోనాకి ఇవాళ రెస్టు ఇవ్వాలిరా. వారం నుంచి రోజూ ఆడుతున్నాడు, కాళ్ళు లాగేస్తుంటాయి పాపం. మనిషా, గాడిదా?" తుడుస్తున్న ఆకు చేతిలో పట్టుకుని ఆ మాట విన్నాను. తెల్లవారక ముందు లేచి బేకరీలో నా డ్యూటీ చేసొచ్చి, అలాగే ఈ తొట్టి పక్కన కూర్చున్నాను. ఎన్నడూ కళ్ళారా చూడని ఒక మగవాడి కాళ్ళు నా మొగుడికి తెలుసు. తన కూతురు ఏ క్లాసు చదువుతోందో అడిగితే మాత్రం కాస్త ఆలోచించి చెప్తాడు.

నేను గదిలోకి వెళ్ళకూడదు. ఆట ఉన్న రోజు అసలే కూడదు. నేను పావాని. మా దేశంలో పావా అంటే ఐరన్ లెగ్, అడుగుపెట్టిన చోట దరిద్రం పట్టించే మనిషి. ఈ పేరు నాకు మా యులేసి ఇంకా సరిగ్గా మాటలు రాని పిల్లగా ఉన్నప్పుడు వచ్చింది. ఫైనల్ ఆఖరి ఘట్టం, మూడు బేసుల మీదా మావాళ్ళే, ఒక్క దెబ్బ తగిలితే కప్పు మాదే. నేను జున్ను వేపుడు పళ్ళెంతో గదిలోకి వచ్చి "ఎంతవరకు వచ్చింది?" అన్నాను. అంతే. మా బ్యాటర్ గాల్లోకి బ్యాటు ఊపాడు, బంతి తగల్లేదు, ఆట అయిపోయింది. "పావా! పావా వచ్చింది!" అని ఆర్హెనిస్ అరిస్తే అందరూ నవ్వారు. ఎలాదియో నవ్వలేదు. నా జబ్బ పట్టుకుని ఇల్లంతా నడిపించుకుంటూ తీసుకెళ్ళి, వెనక వరండాలోకి తోసి, బయటి నుంచి గడియ పెట్టాడు. చేతిలో పళ్ళెం అలాగే ఉంది. వేపుళ్ళు చల్లారిపోయే దాకా నిలబడ్డాను. తర్వాత నుంచి గడియ పెట్టాల్సిన పని కూడా లేకపోయింది, టీవీలో జాతీయగీతం మొదలవగానే నా అంతట నేనే వెళ్ళిపోవడం అలవాటయింది.

నాకు ఆటంటే ఇష్టం, అది ఎవరూ అడగలేదు. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని స్టేడియానికి తీసుకెళ్ళేవాడు. ఇప్పుడు గోడకి చెవి ఆనించి ఆడుకుంటాను. లోపల కేక వేస్తే కొట్టాడని, కుర్చీ జరిగిన చప్పుడైతే బంతి ఇంకా గాల్లోనే ఉందని, బూతు వినబడితే పట్టేశారని.

ఒకసారి అంటుకున్న పేరు ఒక్కచోట ఆగదు. బేకరీలో ఆట ఉన్న రోజు నా కౌంటర్ ముందు ఎవరూ నిలబడరు, పక్క కౌంటర్ దగ్గర వీధి దాకా జనం. ఓనరు నన్ను వెనక పిండి బస్తాల గదిలోకి పంపి "తప్పుగా అనుకోకు మైగ్వాలిదా, వ్యాపారం కదా," అంటాడు. ఐదో నెలలో నా కడుపు పోయినప్పుడు ఆస్పత్రి వసారాలో మా అత్తగారు ఎవరితోనో అంటోంది, గొంతు తగ్గించాలని కూడా తోచలేదు ఆవిడకి: "అంత పెద్ద టీమునే ముంచింది. కడుపులో నలుసు ఒక లెక్కా?" ఎలాదియో పక్కనే ఉన్నాడు. వద్దమ్మా అనలేదు. ఆ మాట కంటే ఆ మౌనాన్ని నేను ఎక్కువ అసహ్యించుకున్నాను, ఇప్పటికీ అసహ్యించుకుంటాను.

దరిద్రమైనా సరే, వాడుకోవడం తెలిసినవాళ్ళు మావాళ్ళు. ఆట మొదలయ్యే ముందు, తమ గొడవ తేలాక, ఎలాదియో నన్ను పిలుస్తాడు. "మైగా! రావే, నీతో పని పడింది." నేను తడి చేతులతో గుమ్మంలో నిలబడి అవతలి టీం పేర్లు పైకి చదవాలి, తొమ్మిదీ. మా టీం పేరు ఒక్కటి కూడా నా నోట రాకూడదు. నేను ఒక్కో పేరూ చదువుతుంటే వాళ్ళు చప్పట్లు కొడతారు. "వీడి మోకాలు పోయింది!" "వీడికి విరేచనాలు!" ఒకసారి నేను పేరు చదివిన పిచర్ నిజంగానే మోచెయ్యి పట్టుకుని మైదానంలో కూర్చుండిపోయాడు. ఆ పూట ఎలాదియో వరండాలోకి పరిగెత్తుకొచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. నెలల తర్వాత ముద్దు. నాకు సంతోషం వేసింది. ఎవరో తల్లి కన్న బిడ్డ చెయ్యి విరిగితే నాకు ముద్దు దొరికింది, ఇంకో చెయ్యి విరిగితే బాగుండునని తర్వాతి ఆట కోసం ఎదురు చూశాను. నన్ను అంత దూరం తీసుకొచ్చారు వీళ్ళు.

యులేసి సంగతి వేరు. అది వాళ్ళ నాన్నకి అదృష్ట దేవత. పదేళ్ళు నిండినా ఆట రోజు ఆయన ఒళ్ళోనే కూర్చోవాలి, ఆయన టోపీ తిప్పి పెట్టుకోవాలి. వీధిలో మగపిల్లలతో సమానంగా ఆడుతుంది, ఇంకా చెప్పాలంటే వాళ్ళని ఏడిపిస్తుంది. ఆట మొదలయ్యే వేళకి వంటింట్లోకి వచ్చి, నా చిరునవ్వు చూసి తనూ నవ్వి, "అమ్మా, ఇంక వెనక్కి వెళ్ళమ్మా, మొదలవుతోంది," అంటుంది. ఏ పాపం తెలీని గొంతు. నేను వెళ్తాను. అదొక్కటీ ఆ గదిలో ఉందిగా, నా బదులు చూస్తోందిగా అని సరిపెట్టుకుంటాను.

ఈ సాయంత్రం కూడా గదిలో దాని గొంతు వినబడింది. "నాన్నా, చిరినోస్‌ని మొట్టమొదట బ్యాటింగ్‌కి పంపాలి. వాడు బేస్ మీదకి వెళ్ళాడంటే ఆపేవాడు లేడు."

"విన్నారా!" అన్నాడు ఎలాదియో మురిసిపోతూ. "కోచ్‌కి రాని బుర్ర నా కూతురికి ఉంది."

అప్పుడే టీవీలో జట్టు ప్రకటించారు. చిరినోస్ ఆడటం లేదు. కాసేపటి క్రితం వార్మప్‌లో చీలమండ మడత పడిందట.

గోడ అవతల నిశ్శబ్దం. ఆట రోజు మా ఇంట్లో అలాంటి నిశ్శబ్దం నేను ఒక్కసారే విన్నాను, నా పళ్ళెం రోజు, ఆర్హెనిస్ అరిచే ముందు.

"అమ్మ రక్తం ఎక్కడికి పోతుంది," అన్నాడు ఆర్హెనిస్. ఈసారి నవ్వు లేదు.

వంటింట్లోంచి మా అత్తగారు తల బయటపెట్టింది. "అప్పుడే ఆ దరిద్రం దిగిందా దీనికి? నేను అనుకుంటూనే ఉన్నా. ఆడపిల్ల కదా, వయసొచ్చేసరికి దిగుతుంది."

"నేనేం చెయ్యలేదు నాన్నా! నాన్నా, నేను ఊరికే అన్నా!"

"లే. లే ముందు, ఒళ్ళోంచి లే. ఆ టోపీ ఇటివ్వు." తర్వాత ఎలాదియో అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "పో, మీ అమ్మ దగ్గరికి పో."

వరండా తలుపు తెరుచుకుంది. యులేసి వచ్చింది. టోపీ లేక జుట్టు చెదిరి ఉంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తొట్టి అంచు మీదున్న ఇంకో గుడ్డ తీసుకుని, తడిపి, పిండి, నా పక్కన కూర్చుని ఒక ఆకు ఒళ్ళో వేసుకుంది. అటొకసారి, ఇటొకసారి. నన్ను చూసి నేర్చుకున్నట్టుంది, ఒక్క చోట కూడా చిరగలేదు. కాసేపయ్యాక తల ఎత్తకుండా అడిగింది: "ఆకైతే నేను ముట్టుకోవచ్చు కదమ్మా?"

నన్ను తోసిన రోజు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆస్పత్రిలో ఏడుపొచ్చింది. బస్తాల గదిలో కూర్చున్నప్పుడు నిద్రొచ్చేది. కోపం ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలీదు, ఆ ప్రశ్నకి మాత్రం నిలువునా లేచింది. దాని చేతిలో ఆకు తీసుకుని నిట్టనిలువునా చింపేశాను.

"మైగా!" లోపల్నించి ఎలాదియో. "రావే, పేర్లు చదువు! ఇవాళ గట్టిగా చదవాలి, మన పరిస్థితేం బాగాలేదు!"

యులేసి చెయ్యి పట్టుకుని వెళ్ళాను. "దాన్నెందుకు తెచ్చావ్?" అన్నాడు ఎలాదియో. జవాబు చెప్పకుండా గుమ్మంలో నిలబడ్డాను. టీవీ తెరకి ఒక పక్క అవతలి తొమ్మిది పేర్లు, ఇంకో పక్క మావి.

"దేవిస్ తోవార్," అన్నాను.

ట్రినో నవ్వాడు. "కాదమ్మా, పొరబడ్డావ్. వాడు మనవాడు."

"తెలుసు. రాఫిటో ఎస్కలోనా."

"ఒసేయ్! ఆపు!" ఆర్హెనిస్ లేచాడు. బీరు సీసా కింద పడి దొర్లింది. నేను ఆపలేదు. మధ్యాహ్నం నుంచి వాళ్ళు గొంతులు చించుకున్న మా టీం తొమ్మిదిమందినీ, ఒక్కొక్కరినీ, ఇంటిపేరుతో సహా, తొందర లేకుండా చదివాను. ట్రినో రెండు చెవులూ మూసుకుని శిలువ గుర్తు వేసుకోలేక అవస్థ పడ్డాడు. ఎలాదియో నా మీదకి వచ్చి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. కొట్టాలంటే ముట్టుకోవాలి. ముట్టుకుంటే ఏమవుతుందో నాకంటే అతనికే బాగా తెలుసు, ఆ పాఠం నాకు నేర్పింది అతనే.

తొమ్మిదో పేరు అయిపోయింది. నేను అతని కళ్ళలోకి చూశాను.

"ఎలాదియో కోల్మెనారెస్," అన్నాను. "రేపు పొద్దున హార్బర్‌లో క్రేన్ ఎక్కేవాడు."

నా మొగుడి మొహంలో రక్తం లేదు.

"ఆర్హెనిస్ కోల్మెనారెస్." మరిది గోడకి అతుక్కుపోయాడు. అప్పుడు వంటింటి వైపు తిరిగాను. మా అత్తగారు గుమ్మంలో పిండి చేతులతో నిలబడి, వద్దన్నట్టు తల ఊపుతోంది. "బెల్కిస్..." అన్నాను. ఇంటిపేరు చెప్పకుండా అక్కడ ఆపాను. ఆవిడ దగ్గరున్న కుర్చీ పట్టుకుని కూలబడింది. నోయెలియా మాత్రం వెనక నిలబడి, దారం ఉండ గుండెలకి హత్తుకుని, నవ్వు ఆపుకోలేక చస్తోంది.

"టోపీ," అన్నాను.

ఎలాదియో టోపీ తీసి బల్ల మీద పెట్టి, నా వేళ్ళు తగలకుండా ముందుకి నెట్టాడు. దాన్ని యులేసి తలకి పెట్టాను. అతని కుర్చీలో, టీవీకి ఎదురుగా ఉండే కుర్చీలో కూర్చుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇది గౌరవం కాదని నాకు తెలుసు. గౌరవం కోసం ఏళ్ళ తరబడి ఆకులు తుడిచి చూశాను. జాతీయగీతం మొదలైంది. ఎవరూ నన్ను బయటికి పొమ్మనలేదు.

యులేసి నా చెవి దగ్గరకి వంగింది. "అమ్మా, నాన్నకి నిజంగా ఏమైనా అవుతుందా?"

"ఏమీ కాదు," అన్నాను దాని చెవిలో. "ఆ మాట వాళ్ళకి మాత్రం చెప్పకు."