ఇంట్లో రెండు ఒంటెలు

సాయంత్రం బట్టల షాపు నుంచి రాగానే ఆమె చేతిసంచీ కూడా దించకుండా వంటింట్లోకి నడిచి, బిందె పక్కనే నిలబడి చెంబెడు నీళ్లు గటగటా తాగేసేది. బడి నుంచి వచ్చిన కూతురూ అంతే. కూరగాయలు తరుగుతూ కూర్చున్న అత్తగారు చూసి నవ్వేది.

"మా ఇంట్లో రెండు ఒంటెలున్నాయమ్మా. పొద్దున పోతాయి, పొద్దుగూకే వేళకి నీళ్లకొస్తాయి."

ముగ్గురూ నవ్వుకునేవాళ్లు. గేటు పక్క కుండీలో మొక్క, ఎవరూ పట్టించుకోకపోయినా ఏపుగా పెరుగుతోందని అత్తగారికి గొప్ప. "నా చేతి చలవ" అని పక్కింటావిడతో చెప్పుకునేది.

పిల్లకి చలిజ్వరం వచ్చి, నడుం నొప్పితో మెలికలు తిరిగిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి చూసింది.

"మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం ఇది రెండోసారి. నీళ్లు తాగట్లేదు, పైగా ఆపుకుంటోంది. ఈసారి కిడ్నీ దాకా పాకింది. ఇలాగే మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీలు పాడైపోతాయమ్మా. మందులు నేనిస్తాను, నీళ్లు మాత్రం మీరే తాగించాలి."

"రోజూ సీసా నిండా పోసి పంపిస్తానండీ. ఖాళీగానే తిరిగొస్తుంది" అంది ఆమె.

పిల్ల తల దించుకుంది. బయటికొచ్చాక నెమ్మదిగా చెప్పింది, ఆ నీళ్లు గేటు దగ్గర కుండీలో పోసేస్తున్నానని.

"ఎందుకే తల్లీ?"

"రీసెస్ పది నిమిషాలేనమ్మా. మా క్లాసేమో మూడో అంతస్తు, బాత్రూములు కింద. గంట కొట్టాక కూడా లెక్కల సారు 'ఇంకొక్క లెక్క' అంటారు. మేం దిగేసరికి లైను మెట్ల దాకా ఉంటుంది. నా వంతు వచ్చేలోపు మళ్లీ గంట కొట్టేస్తారు. లేటైతే బయట నిలబెడతారు. తాగకపోతే గొడవే లేదుగా?" పిల్ల తల్లి మొహంలోకి చూసింది. "నువ్వూ అంతేగా, షాపులో."

కౌంటరు వదిలితే సూపర్‌వైజరు ఊరుకోడు. అందుకే షాపులో ఆడవాళ్లెవరూ పగలు నీళ్లు ముట్టరు. కొత్తగా చేరిన అమ్మాయిలకి చీర మడత కంటే ముందు నేర్పేది అదే. ఆమే ఎంతమందికో నేర్పింది.

తల్లిదండ్రుల మీటింగుకి ముందు బడి గేటు దగ్గర కనిపించిన తల్లులందరికీ చెప్పింది. రీసెస్ ఇరవై నిమిషాలు చెయ్యమని అడుగుదాం అంది. అందరూ తలలూపారు. "ముందు నువ్వు లేచి నిలబడు వదినా, మేమంతా నీ వెనకే" అంది పక్క వీధి టైలరమ్మ.

భర్త లారీ మీద వెళ్లాడు కనక ఆమె అత్తగారిని తోడు తీసుకెళ్లింది. లేచి అంతా చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ శ్రద్ధగానే వింది.

"మీ బాధ అర్థమైందండీ. పెంచమంటే పెంచుతాం. కాకపోతే సాయంత్రం బడి ఆలస్యంగా వదలాలి. వ్యాన్లు, ట్యూషన్లు, మీ డ్యూటీలు అన్నీ వెనక్కి జరుగుతాయి. మీరే తేల్చండి. కావాలనేవాళ్లు చేతులెత్తండి."

"ఉన్న పది నిమిషాలకే మోకాళ్లు పగలగొట్టుకొస్తున్నారు, ఇంకా పెంచితే తలకాయలే" అన్నారెవరో వెనకనుంచి. గది గదంతా నవ్వింది.

ఆమె చెయ్యెత్తింది. టైలరమ్మ సంచీలో ఏదో పోగొట్టుకున్నదానిలా వెతుక్కుంటోంది. ఇంకొక చెయ్యి లేచింది, అత్తగారిది.

"పెద్దమ్మగారూ, తల్లిదండ్రులే ఎత్తాలండీ."

"నేనూ తల్లినేనమ్మా. ఆ పిల్ల నాన్నని ఎవరు కన్నారనుకున్నావ్?"

మళ్లీ నవ్వులు. హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వింది. నవ్వి, ఆ చెయ్యి లెక్కలోకి రాదంది. మీ అమ్మాయి క్లాసు మధ్యలో వెళ్లొచ్చు, టీచర్లకి నేను చెబుతాను అని కూడా అంది.

బయట టైలరమ్మ వెనకే వచ్చింది. "ఏమనుకోకు వదినా. మావాడికి ట్యూషను తప్పితే వాళ్ల నాన్న నన్ను బతకనివ్వడు. మా చిన్నదీ ఆపుకుంటుంది. అలవాటైపోతుందిలే."

మళ్లీ బడికి వెళ్లే రోజు ఆమె రెండు సీసాలు నింపింది. "నేనూ పట్టుకెళ్తాను. నువ్వు తాగు, నేనూ తాగుతాను. సాయంత్రం రెండు ఖాళీ సీసాలూ పక్కపక్కన పెట్టాలి."

"నిజంగా తాగుతావా?"

"నీ మీదొట్టు."

"పిల్ల మీద ఒట్లేమిటే, నోరు జారి!" అని అత్తగారు కసిరింది.

కొన్నాళ్లు సీసాలు ఖాళీగానే వచ్చాయి. "ఒంటెలు మనుషుల్లో పడ్డాయి" అని అత్తగారు మురిసింది. క్లాసు మధ్యలో లేస్తే ఏమీ అనట్లేదుగా అని ఆమె అడిగితే, పిల్ల "సారు 'మహారాణిగారు వెళ్తున్నారు, దారివ్వండి' అంటారమ్మా. అందరూ లేచి దణ్ణం పెడతారు" అని నవ్వబోయింది. ఆ నవ్వు మొహం మీద నిలవలేదు. చూసినా, సీసా ఖాళీగా ఉంది కదా అని ఆమె సరిపెట్టుకుంది.

షాపులో సూపర్‌వైజరు మొదట హాస్యమాడాడు. "ఏమ్మా, షుగరేమైనా వచ్చిందా?" తర్వాత రద్దీ పెరిగింది. ఆమె బాత్రూం నుంచి తిరిగొచ్చేసరికి, కౌంటరు ముందు నిలబడ్డ జనంతో అంటున్నాడు: "ఇదిగో, వచ్చేసిందండీ. పాపం, ఇక్కడికొచ్చేది అందుకే." ఎవరో మగమనిషి కిసుక్కున నవ్వాడు. "రేపు కూడా ఇంతే అయితే ఇక రానక్కర్లేదు" అన్నాడు సూపర్‌వైజరు, ఆమె వైపు చూడకుండానే.

మర్నాడు ఆమె సీసా మూత తియ్యలేదు.

సాయంత్రం ఇంటి గేటు దగ్గర ఆగింది. కిటికీ వైపు ఒకసారి చూసి, కుండీ మీదకి వంగి సీసా వంచింది. నీళ్లు ఇంకలేదు. మట్టి మీద తేలి, అంచు దాటి, ఆమె చెప్పుల మీదకి పారాయి. వేలు పెట్టి చూసింది. లోపలంతా బురద. అప్పటికే ఎవరో పోసి ఉన్నారు. కింది ఆకులు పసుపుబారి ఉన్నాయి, ఒక్కనాటి నీళ్లకి అలా కావు.

తలెత్తితే గుమ్మంలో కూతురు. ఎప్పుడొచ్చిందో. పిల్ల వచ్చి తల్లి చేతిలో సీసా తీసుకుని, మిగిలిన చుక్కలు విదిలించి, లోపల తన సీసా పక్కన పెట్టింది.

బిందె దగ్గర ఒకరి తర్వాత ఒకరు తాగారు. అత్తగారు కత్తిపీట ముందు నుంచి చూసి, ఏదో అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి తరగడంలో పడిపోయింది.

చెంబు దించుతూ పిల్ల నడుం మీద చెయ్యేసుకుని ఒక్క క్షణం ఆగింది.

"నొప్పొస్తోందా?"

"లేదమ్మా."

"నిజం చెప్పు."

"నీ మీదొట్టు" అంది పిల్ల.