కొడుక్కి వచ్చిన ఉద్యోగం

కాలేజీలో జీవశాస్త్ర శాఖాధిపతి రిటైరవుతున్నాడు. తన ఉద్యోగం కొడుక్కే రావాలని ఇంటర్వ్యూ బోర్డులో తానే కూర్చున్నాడు. సులువైన ప్రశ్న అడిగి గట్టెక్కిద్దామనుకున్నాడు.

"తండ్రి బతుకంతా కష్టపడి సంపాదించుకున్న గుణం పుట్టుకతోనే పిల్లలకు వస్తుందా?"

"వస్తుందండీ. జిరాఫీ ఆకుల కోసం మెడ సాచీ సాచీ పొడుగు చేసుకుంది. అదే దాని పిల్లలకూ వచ్చింది."

శాఖాధిపతికి చెమటలు పట్టాయి. అది ఎప్పుడో కొట్టేసిన పాత సిద్ధాంతం. ఎలుకల తోకలు తరతరాలుగా కత్తిరించినా వాటి పిల్లలు తోకలతోనే పుట్టాయని ఆయన ఏటా పాఠం చెప్పేవాడు. అంతకుముందే ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి ఆ సంగతే పూసగుచ్చినట్టు చెప్పి వెళ్లింది.

లెక్కల మనిషైన ప్రిన్సిపాల్ మాత్రం మెచ్చుకోలుగా తల ఊపాడు. "బాగా చెప్పాడు. ఆ అమ్మాయేమో ఏవో తోకలంది. మీరేమంటారు సార్?"

శాఖాధిపతి గొంతు సవరించుకున్నాడు. "దీనిమీద రెండు అభిప్రాయాలున్నాయండీ," అన్నాడు.

ఉద్యోగం కొడుక్కే వచ్చింది.

ఆ సాయంత్రమే ఆయన కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టాడు. బఠాణీ మొక్కల దగ్గరికి వచ్చేసరికి కొడుకు కూర్చున్నచోటే కునికిపాట్లు పడ్డాడు.

"వీడికి ఈ మొద్దునిద్ర ఎక్కణ్ణించి వచ్చిందే?" అన్నాడు భార్యతో.

"మీ నాన్నగారుంటే చెప్పేవారు," అంది ఆవిడ, కొడుక్కి దుప్పటి కప్పుతూ. "మీకు పాఠాలు చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి ఆయనే వెళ్లి ఈ ఉద్యోగానికి సిఫార్సు చేశారట కదా."

శాఖాధిపతి పుస్తకం మూశాడు.