తాతాజీ అడిగిన ప్రశ్న

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి పోటెత్తే నాటికి మీనాకుమారి కాకినాడలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. చదివేది ఎలక్ట్రానిక్స్. రాజమండ్రి మెయిన్ రోడ్డులో వాళ్ల నాన్న గున్నేశ్వరరావుకి రేడియోలు, టీవీలు అమ్మే షాపు ఉంది. చదువైపోగానే కూతురు ఏదైనా టీవీ కంపెనీలో చేరుతుందని ఆయన అప్పటికే వీధంతా చెప్పుకున్నాడు.

ధవళేశ్వరానికి దిగువన ఓ లంకలో కిరాణా కొట్టు పెట్టుకున్న దొడ్డమ్మ సంపూర్ణమ్మకి జ్వరమని తెలిసి మీనాకుమారి చూడ్డానికి వెళ్లింది. ఆమె వెళ్లిన మర్నాడే ఏరు పెరిగి పడవలు ఆగిపోయాయి. కరెంటు పోయింది. పోస్టాఫీసులో ఫోను మూగబోయింది. ఎర్రటి నీళ్లు లంక చుట్టూ ఉన్న మట్టికట్టని ఒరుసుకుంటూ పోతున్నాయి. కొట్టుకొచ్చిన చెట్లు, పైకప్పులు, ఓసారి పొట్ట ఉబ్బిన గేదె కూడా కనిపించాయి. అన్నిటికంటే ఆ చప్పుడే ఆమెని ఎక్కువ భయపెట్టింది. ఏదో పెద్ద జంతువు ఊరి చుట్టూ తిరుగుతూ రొప్పుతున్నట్టుగా ఉంది.

పొద్దున్న సర్కారు లాంచీ ఒకటి వచ్చింది.

"ఎక్కేయండి, ఎక్కేయండి! మళ్లీ వస్తామో రామో చెప్పలేం!" అని సరంగు అరిచాడు.

"ఇంకా ఎంత పెరుగుతుందయ్యా?" అని కట్ట మీదనుంచి ఎవరో అడిగారు.

"అది మాకు చెప్పలేదండి. ఎక్కించుకు రమ్మన్నారంతే."

జనం కదల్లేదు. ఏటా వరద కట్టదాకా వచ్చి వెనక్కి పోవడం వాళ్లు చూసిందే. గొడ్లని లాంచీ ఎక్కనివ్వరు. కొట్టు పక్కింటి రైతు తాతాజీ మీనాకుమారి దగ్గరికి వచ్చాడు. వెనకే ఆయన భార్య అచ్చాయమ్మ, ఇంకో పాతికమంది దాకా ఉన్నారు.

"అమ్మాయిగారూ, మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కదండీ. కట్ట దాటుద్దంటారా, దాటదంటారా? ఆ ఒక్క మాట చెప్పండి. దాటుద్దంటే గొడ్లొదిలేసి ఎక్కేస్తాం."

అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. దాటదని చెబితే, దాటితే? దాటుతుందని చెబితే, దాటకపోతే? ఎగువన ఎంత వాన పడిందో, భద్రాచలం దగ్గర నీళ్లెంత ఉన్నాయో, అవి ఇక్కడికి ఎప్పటికి వస్తాయో ఆ కట్ట మీదున్న ఎవ్వరికీ తెలీదు.

"నాకు తెలీదండి," అంది చివరికి.

కొందరు పిల్లల్ని ఎత్తుకుని లాంచీ ఎక్కారు. మిగతావాళ్లు ఇళ్లకి మళ్లారు. మీనాకుమారి దొడ్డమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

"తెలీదని నువ్వే అన్నావుగా? బియ్యం బస్తాలు, పప్పు బస్తాలు వదిలేసి ఎక్కడికి రానే?" అని ఆవిడ చెయ్యి విడిపించుకుంది. ఆవిణ్ణి జ్వరంతో వదిలి వెళ్లలేక మీనాకుమారి కూడా ఉండిపోయింది. లాంచీ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కట్ట తెగింది.

ముందు అరుపులు వినిపించాయి. తర్వాత ఆ రొప్పు ఊళ్లోకే వచ్చేసింది. దొడ్డమ్మని ఇంచుమించు మోసుకుంటూ ఆమె స్కూలు డాబా మెట్లెక్కేసరికి నీళ్లు నడుం దాకా వచ్చేశాయి. పైన జనం ఒకళ్లనొకళ్లు పట్టుకుని వణుకుతున్నారు. తాతాజీ పిట్టగోడ మీదకి వంగి భార్యని కేకేస్తున్నాడు. అచ్చాయమ్మ గేదెల పలుపులు విప్పడానికి పాకలోకి వెళ్లింది. ఆమె పాకలోంచి బయటికి రావడం, రెండు చేతులూ పైకెత్తడం అందరూ చూశారు. పాక ఒరిగిపోయింది. తర్వాత అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

మర్నాడు పడవలొచ్చి వాళ్లని ఒడ్డుకి చేర్చాయి. కడియం దగ్గర ఓ బళ్లో ఉంచి అన్నం పెట్టారు. మీనాకుమారి తాతాజీకి ఎదురుపడలేక స్తంభం చాటున కూర్చుంది. ఆయనే వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఆయన కళ్లలో తడి లేదు.

"మీరేం భయపడకండి అమ్మాయిగారూ. మీరు అబద్ధం చెప్పలేదు, తెలీదన్నారు," అన్నాడు. "ఇంత దేశంలో తెలిసినోళ్లు ఒక్కరైనా లేరాండీ?"

మళ్లీ హాస్టల్లో చేరాక పక్క గదిలో కుళాయి తిప్పినా ఉలిక్కిపడి లేచేది. ఆ ఏడాది చివర్లో హైదరాబాదు టీవీ కంపెనీ ఒకటి ఆమెని ఎంపిక చేసుకుంది. గున్నేశ్వరరావు షాపులో అందరికీ మిఠాయి పంచాడు. ఆ సాయంత్రమే ఆమె తండ్రికి వేరే మాట చెప్పింది. నదుల్లో నీటిమట్టాన్ని యంత్రంతో కొలిచి, ఎప్పటికప్పుడు వైర్‌లెస్ మీద దిగువకి పంపే పని సర్కారు కొత్తగా మొదలుపెట్టింది. అందులో చేరతానంది.

"కొండల్లో, ఏటి ఒడ్డునా? నీళ్ల చప్పుడు వింటేనే వణికిపోతున్నావే! నీకెందుకమ్మా అది?"

"వణుకుతున్నా నాన్నా. టీవీ కంపెనీలో చేరితే ఆ వణుకు తగ్గిపోతుందేమో కూడా. కానీ మళ్లీ ఎవరైనా అలా అడిగితే తెలీదని చెప్పడం నా వల్ల కాదు."

ఆయన చాలా రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. అయినా బండెక్కించడానికి స్టేషనుకి వచ్చాడు.

తర్వాత ఓ వానాకాలం, ఎగువన కొండల మధ్య ఆమె పనిచేసే కేంద్రంలో యంత్రం మీద అంకె ఒక్కసారిగా ఎగిరింది. ఆపరేటర్ పల్లంరాజు తల అడ్డంగా ఊపాడు.

"మిషను పాడైనట్టుందండి. ఇంత వేగంగా పెరగదు. ఇది పట్టుకుని లంకలు ఖాళీ చేయించి, తీరా నీళ్లు రాకపోతే మనల్ని తిడతారు. ఇంకోసారి ఎవరూ నమ్మరు."

నిజమే. తప్పయితే రేపు ఎవరూ కదలరు. ఒప్పయి పంపకపోతే? అచ్చాయమ్మ పైకెత్తిన చేతులు ఆమె కళ్లముందు మెదిలాయి. ఏట్లో పాతిన కొలబద్దని స్వయంగా చూడ్డానికి వానలోనే మెట్లు దిగింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. నీళ్లు పాదాలకి తగిలేసరికి గట్టిగా అరిచింది. ఆ అరుపు ఆ హోరులో ఆమెకే వినపడలేదు. కొలబద్ద మీద అంకె చూసింది. యంత్రం తప్పు చూపించలేదు.

పైకొచ్చి మైకు అందుకుంది. ఎంత నీరు వస్తుందో, రేపు ఏ వేళకి దిగువకి చేరుతుందో చెప్పింది. దిగువ కేంద్రం నుంచి అవతలి గొంతు అడిగింది: "ఖాయమేనాండీ? ఊళ్లు ఖాళీ చేయించమంటారా?"

"ఖాయం. గొడ్లతో సహా."

మైకు కింద పెట్టి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నీళ్లు వస్తాయేమోనని ఒక భయం, రావేమోనని ఇంకో భయం. మర్నాటిదాకా ఆమెకి అన్నం దిగలేదు.

నీళ్లు చెప్పిన వేళకే వచ్చాయి. చాలా ఇళ్లు పడిపోయాయి. ఆ లంకల్లో మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు. ఆ కబురు విన్నాక మీనాకుమారి కాస్త గంజి తాగి పడుకుంది. ఏటి వైపు కిటికీ మాత్రం తెరవలేదు.