మండ మీద రాయి

అడవిలోకి మోటారు సైకిళ్ళు దించే ముందు బావా బావమరుదులిద్దరూ చివరి తోట దగ్గర ఆగేవారు. కాపలావాడితో ఒక మాట చెప్పి, నాలుగు మామిడి మండలు విరిచి వెనక క్యారియర్‌కి కట్టుకునేవారు. దారి చీలిన చోట ముందు వెళ్ళినవాడు ఒక మండ పరిచి, దాని మొదట్లో రాయి పెట్టాలి. కొస ఎటు చూపిస్తే అటు వెళ్ళాడని గుర్తు. తునికి, మోదుగ, చండ్ర తప్ప మరో ఆకు కనబడని ఆ అడవిలో మామిడాకు ఉందంటే అది మనిషి తెచ్చి వేసినదే.

గంగాధరం ముసునూరులో బడిపంతులు. అతని బావమరిది వెంకట రమణ నూజివీడులో ఒక ప్లీడరు దగ్గర టైపిస్టు. వేసవి సెలవుల్లో ఆదివారం వచ్చిందంటే మాస్టారు తన పాత రాజ్‌దూత్ మీద, రమణ తన ఎజ్డీ మీద చాట్రాయి వైపు అడవిలో పడేవారు. పూర్వం ఎడ్లబళ్ళు తిరిగి ఇప్పుడు గడ్డి మొలిచిన బాటలు వెతకడం, అవి ఎక్కడ తేలతాయో చూడడం, అదే పని.

ఆ ఆదివారం పట్టుకున్న బాట వాగు దాటించి సత్తుపల్లి రోడ్డున పడేస్తుందని ఎవరో చెప్పారు. బారెడు పొద్దెక్కేసరికి రాజ్‌దూత్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. గంగాధరం ప్లగ్గు ఊడదీసి చూశాడు. మసి కట్టి ఉంది.

"నీ బండికి జలుబు చేసింది బావా. కషాయం పట్టు," అన్నాడు రమణ, సీటు మీద నుంచి దిగకుండానే.

"ఆ ఉప్పుకాగితం ఇటు పారేసి నోరు మూసుకో."

"నువ్వు రుద్దుతూ ఉండు. నేను వెళ్ళి వాగులో నీళ్ళున్నాయో లేవో చూస్తా. మండ వేసి పోతాలే."

గంగాధరం ప్లగ్గు మీద నుంచి చూపు తిప్పకుండా, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు. "మాత్ర వేసుకున్నావా?"

రమణ కిక్కు కొట్టాడు. "అవి వేసుకుంటే బండి మీద కునుకొస్తోంది బావా. మొన్నట్నించీ మానేశా. ఏమైంది? దుక్కలా ఉన్నాగా."

గంగాధరం తలెత్తేసరికి ఎజ్డీ మలుపు తిరిగింది. "ఆగరా" అన్న మాట పొగలో కలిసిపోయింది.

రమణకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ. మాత్రలు మానకుండా వేసుకున్నన్నాళ్ళూ రాలేదు. రాకపోయేసరికే ఇంట్లోవాళ్ళు బండి కొననిచ్చారు. మాత్ర మానితే ఏమవుతుందో గంగాధరం తన పెళ్ళిలోనే చూశాడు. పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి విరుచుకుపడ్డాడు. ఆనాడు కింద చాప ఉంది, చుట్టూ మనుషులున్నారు.

ప్లగ్గు బిగించబోతే మర కలవలేదు. తీసి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. తొందరపడితే మర చెడుతుందని తనకు తానే చెప్పుకున్నాడు. బండి స్టార్టయ్యాక పనిముట్ల సంచి అక్కడే మర్చిపోయి బయల్దేరాడు.

కొంత దూరం పోయాక బాట రెండుగా చీలింది. ఎడమది పల్లంలోకి దిగుతోంది, కుడిది మెరక మీదికి ఎక్కుతోంది. కుడి బాట మొదట్లో మామిడి రెమ్మ పడి ఉంది. ఆకు ఇంకా వాడలేదు. కొస మెరక వైపే చూపిస్తోంది.

దాని మీద రాయి లేదు. గంగాధరం ఒక్క క్షణం ఆగాడు. తొందరలో మానేసి ఉంటాడనుకున్నాడు. మాత్రలే మానేసినవాడికి రాయి ఒక లెక్కా? బండిని కుడికి తిప్పాడు.

ముందు మరో ఆకు కనబడింది. మరి కాస్త దూరాన ఇంకొకటి. దారి పొడవునా వేసుకుంటూ పోయాడు, నా కోసమే, అని మనసు కొంచెం కుదుటపడింది. ఏ మలుపు తిరిగినా అవతల ఎజ్డీ చప్పుడు వినిపిస్తుందేమోనని యాక్సిలరేటరు తగ్గించి వినేవాడు. పిట్టలు తప్ప మరేం వినపడలేదు. వాగు చూడ్డానికి పోతానన్నవాడు మెరక ఎక్కడమేమిటన్న ఆలోచన అప్పటికి గానీ రాలేదు. వచ్చాక కళ్ళు ఆకుల మీద నుంచి దుమ్ములోకి దిగాయి. దుమ్ములో ఇనప పట్టా వేసిన చక్రాల గాడి ఉంది, ఎడ్ల గిట్టలున్నాయి. టైరు అచ్చు ఒక్కటీ లేదు.

అంతలో ఎదర ఎడ్లబండి కనిపించింది. నిండా మామిడి గంపలు. తోలుతున్నది శౌరి, ముసునూరు వాడే. వాడి పిల్లలు మాస్టారి దగ్గరే చదువుకున్నారు.

"మీరాండీ మాస్టారూ. మోటారు సైకిలు చప్పుడు వింటే గేటువాళ్ళేమో అనుకున్నా," అన్నాడు శౌరి. మార్కెట్టు పన్ను గేటు తప్పించుకోవడానికి కొందరు అడవి దారిన కాయ తోలతారని అందరికీ తెలిసిన సంగతే.

"మా రమణ ఇటొచ్చాడా?"

"రమణబాబు గారా? ఇటు కాదండీ. నేను వాగు దాటి వస్తుంటే ఎదురొచ్చారు. ఎడ్లు బెదురుతాయని ఇంజను ఆపి పక్కన నిలబడ్డారు కూడాను. కాయ తినమంటే వచ్చేటప్పుడు తింటాలే అన్నారు. ఎప్పుడొస్తారండీ, నేనేమన్నా ఇక్కడే కాపరం పెడతానా?"

"చీలిక దగ్గర మండ వెయ్యలేదా వాడు?"

"అది ఆయనదా? దారికడ్డంగా రాయి పెట్టిందెవడ్రా అని అవతలికి తోసేశా, చక్రం కింద పడుద్దని. మండ ఎడ్లకేశా."

గంగాధరం గంపల కేసి చూశాడు. కాయ నలగకుండా అడుగునా పైనా పరిచిన మామిడాకు. ఎడ్లు ఒక్క అడుగు కదిలేసరికి ఒక ఆకు జారి గాడిలో పడింది.

"ఏంటండీ, అలా అయిపోయారు?"

"వాడు మాత్ర వేసుకోలేదు శౌరీ."

రమణ మూర్ఛ సంగతి ఊరందరికీ తెలిసిందే, శౌరికి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. బండి కింద వేలాడుతున్న నీళ్ళ సీసా విప్పి చేతిలో పెట్టాడు. "నా బండి ఇక్కడ తిరగదు. మీరు పొండి మాస్టారూ, పొండి."

వచ్చిన దారే అయినా ఎంతకీ తరగలేదు. ఒకచోట వేరు మీద చక్రం జారి పడబోయి నిలదొక్కుకున్నాడు. తను పడితే వాడి దగ్గరికి పోయేవాడుండడని వేగం తగ్గించాడు. తగ్గించినందుకు మళ్ళీ తన మీద తనకే కోపం వచ్చింది.

చీలిక దగ్గర పల్లంలోకి దించాడు. ఇక్కడ టైరు అచ్చు స్పష్టంగా ఉంది. వాగు దాకా తిన్నగా వచ్చి, ఇసకలోకి దిగాక అచ్చు వంకర తిరిగింది.

ఎజ్డీ పక్కకి పడి ఉంది. రమణ దాని కింద ఒక కాలు ఇరుక్కుని బోర్లా పడి ఉన్నాడు. రెండు బారల అవతల మడుగు.

గంగాధరం బండి ఎత్తి అవతలికి తోశాడు. సైలెన్సరు ఆనిన చోట పిక్క తోలు ఊడి వచ్చింది. వాణ్ణి పక్కకి తిప్పి, నోట్లో ఇసక వేలితో తీశాడు. ఇసకతో పాటు నెత్తుటి నురగ వచ్చింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు గానీ ఊపిరి తెలియలేదు. చెవి ఆనించాడు. గొంతులో గురక తగిలింది.

రమణ వేళ్ళు ఇంకా కొంకర్లు పోతున్నాయి. చేతిలో ఇనుము పెడితే మూర్ఛ తగ్గుతుందన్నది ఉత్త మాటని బళ్ళో పిల్లలకు తనే చెప్పేవాడు. ఎజ్డీ తాళం పీకి రమణ అరచేతిలో పెట్టాడు. పిడికిలి బిగుసుకుంది.

తువ్వాలు తడిపి మొహం తుడుస్తూ కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వస్తుంటే తన నీడ వాడి మొహం మీద పడేలా జరిగి కూర్చున్నాడు.

చాలా సేపటికి రమణ కళ్ళు తెరిచాడు. ఎవరో తెలియనట్టు చూశాడు. "వాగులో నీళ్ళు లేవు బావా," అన్నాడు ముద్దగా.

"ఉన్నాయిరా. పక్కనే ఉన్నాయి."

రమణ తల తిప్పి మడుగు చూశాడు. తర్వాత పడి ఉన్న బండిని చూశాడు. నాలిక కొరుక్కున్న నొప్పి అప్పుడు తెలిసినట్టుంది, మొహం ముడుచుకున్నాడు. "అక్కకి చెప్తావా?"

"చెప్తా."

"ఇంక బండి ముట్టుకోనివ్వరు."

గంగాధరం చెయ్యి చాపాడు. రమణ పిడికిలి విప్పలేదు. గంగాధరం చెయ్యి వెనక్కి తీయలేదు. ఎంతో సేపటికి తాళం అతని అరచేతిలో పడింది. తడిగా ఉంది.

ఎజ్డీని పొదల చాటుకి తోసి, రమణను రాజ్‌దూత్ మీద వెనక కూర్చోబెట్టుకుని ఇద్దరి నడుములూ తువ్వాలుతో కలిపి కట్టాడు. దారంతా చెవి వెనకకే పెట్టాడు. వీపు మీద బరువు కొంచెం పక్కకి ఒరిగినా "రమణా" అనేవాడు. "ఊఁ" వచ్చేదాకా ఊపిరి తీసుకునేవాడు కాదు.

తోటలు మొదలయ్యే చోట మళ్ళీ పిలిచాడు. జవాబు రాలేదు. బ్రేకు మీద కాలు వేశాడు.

"ఉన్నానయ్యా బాబూ," అంది వెనక నుంచి నీరసపు గొంతు. "ముందు ఆ గుంట చూసి పోనీ."