సువర్ణ తీసుకోని సీడీ

ఏలూరులో మా కాలేజీ ల్యాబులో స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ గడువు అయిపోయింది. కొత్తది కొనమంటే మేనేజ్‌మెంట్ నవ్వి ఊరుకుంది. ఫైనలియర్ ప్రాజెక్టులేమో శనివారానికల్లా ఇవ్వాలి. ఏ వర్క్‌షాపులోనో ఇచ్చిన, అదే పని చేసే ‘ఆర్’ అనే ప్రోగ్రామ్ సీడీ నా బీరువాలో ఉంటే పట్టుకొచ్చి, “ఇది ఫ్రీ. అందరూ కాపీ చేసుకోండి” అన్నాను. అందరూ ఎగబడ్డారు, సువర్ణ తప్ప.

దెందులూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల. నాన్న విశ్వాసం గారు అక్కడి చర్చిలో సంఘపెద్ద. ప్రాజెక్టు కోసం కైకలూరు చెరువు గట్ల మీద నిలబడి చేపల బరువులు తూయించి తెచ్చుకుంది. ఇప్పుడు వాటన్నిటినీ క్యాలిక్యులేటర్ మీద కొడుతోంది. అలా అయితే శనివారానికి తేలే పని కాదు. ప్రాజెక్టు ఇవ్వకపోతే ప్రాక్టికల్స్ తప్పినట్టే.

“కాపీ సీడీ నాకొద్దండీ మేడం. దొంగసొత్తు కదండీ. బస్టాండు దగ్గర అమ్మే సినిమా సీడీలే ముట్టుకోనివ్వరండీ మా నాన్నగారు.”

నాకు ఒళ్ళు మండింది. “రాసినవాళ్ళే పంచుకోమన్నారే తల్లీ!”

“ఊరికే ఎవరిస్తారండీ?”

ఆ కోపంలోనే నోటికొచ్చింది. “మీ అమ్మగారు పూటపూటా పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారా లేదా?”

“పెడతారండీ. ఆదివారం చర్చికి పట్టుకెళ్తామండీ.”

“ఇదీ అంతే. ఎక్కడెక్కడి వాళ్ళో తలా పిడికెడు వేశారు. ఆ బియ్యం వండుకున్నవాళ్ళు దొంగలా?”

సువర్ణ క్యాలిక్యులేటర్ పక్కన పెట్టింది. “మరి నేనేం వెయ్యాలండీ?”

“ముందు నీ పని కానివ్వు. ఆనక ఇంకొకరికి నేర్పు” అని సీడీ చేతిలో పెట్టాను. గెలిచానని మురిసిపోయాను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబుకి వెళ్తే సువర్ణ తన సిస్టమ్ దగ్గర లేదు. తన క్లాసు కుర్రాడు వినయ్ పక్కన కూర్చుని, ‘ఆర్’ కమాండులో కామా ఎక్కడ పెట్టాలో వాడికి చూపిస్తోంది. తన ప్రాజెక్టు సగంలో ఆగి ఉంది.

“నీది తేలకుండా ఊళ్ళోవాళ్ళ పని నీకెందుకే?” అని కసిరాను.

ఆమె బెదిరిపోయి లేచి నిలబడింది. “ముందే వేసెయ్యాలి కదండీ మేడం. ఎసట్లో బియ్యం పొయ్యకముందే తీస్తుందండీ మా అమ్మ. వండుకోగా మిగిలింది వెయ్యకూడదంటుందండీ.”

ఆనక నేర్పమన్నది నేనే. ఆ పిల్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

“వెళ్ళు, నీది చూసుకో” అని ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. వినయ్ భయంభయంగా కీబోర్డు నా వైపు జరిపాడు. ల్యాబు మూసే వేళకి సువర్ణ ప్రాజెక్టు తేలింది. వినయ్‌ది ఇంకా తేలలేదు, నేనూ లేవలేదు.