మరియతల్లి వెంట చెంచమ్మ

ప్రపంచశాంతి భారమంతా ఆ ఏడాది తిరుత్తణి నేతవీధిలో చౌడప్ప మీదే పడింది. ఎనభై మూడు అక్టోబరు, జపమాల నెల. మరియతల్లి విగ్రహం, మేం స్వరూపం అంటాం, రోజుకొక ఇంట్లో ఉంటుంది. సాయంత్రం మగ్గాలు ఆపి అందరం ఆ ఇంట్లో చేరతాం. చౌడప్ప తమిళ పేపరు చూసి, మాలలోని ఐదు పదుల పూసల్లో ఒక్కో పదికీ ఒక్కో దేశాన్ని పంచుతాడు. సిలోనుకు పది, లెబనానుకు పది, ఐర్లాండుకు పది. ఎవరి కోసమో ఆ ఇంటి ఇల్లాలు మనవి చెబితే, అందరం బదులు పలుకుతాం. ఐర్లాండు ఎక్కడుందో మాకెవరికీ తెలీదు, చౌడప్పతో సహా. అయినా అక్కడ ఎవరు ఎవర్ని కొట్టినా ఆయన గొంతు బొంగురుపోయేది.

పెళ్ళాం చెంచమ్మను కొట్టడానికి మాత్రం ఆయనకు పేపరు అక్కర్లేదు. కూరలో ఉప్పు తగ్గితే చాలు. మా రెండిళ్ళకీ గోడ ఒకటే. దెబ్బలు వినబడితే నేనేం చేసేదాన్ని? మగ్గం ఇంకాస్త గట్టిగా ఆడించేదాన్ని. నాదీ గొప్ప భక్తే.

పన్నెండో తేదీన మరియతల్లి చౌడప్ప ఇంటికి వచ్చింది. ఆ ఒక్కరోజు గోడ అవతల చప్పుడు లేదు. తల్లి ముందు చెయ్యెత్తాలంటే ఆయనకు భయం, పాపం.

మర్నాడు మా వంతు. తల్లి ఉన్న ఇంటి ఇల్లాలే స్వరూపాన్ని ఎత్తుకొచ్చి పక్కింట్లో అప్పగించడం మా ఆనవాయితీ. చెంచమ్మ తెచ్చింది. చంకలో చీరల మూట కూడా ఉంది. తల్లిని మా పీట మీద పెట్టి తనూ పక్కనే చతికిలబడింది.

“జపమైనంక ఇంటికి పోదాం, మూటెందుకు?” అన్నాడు చౌడప్ప.

“నేను రాను. ఈయమ్మ ఇంట్లో ఉన్నప్పుడే గదా నీ చెయ్యి లేయలేదు. ఈయమ్మ యాడికి పోతే నేనూ ఆడికే.”

ఇరవై మందిమి ఉన్నాం, అందరం తలలు వంచి పూసలు సవరించుకున్నాం. లెబనానుకైతే మా దగ్గర మందుంది. చౌడప్ప మొహం గంటు పెట్టుకుని, “సరసమ్మా, మనవి చెప్పు” అని నన్ను కసిరాడు.

సిలోను నాలుక చివరిదాకా వచ్చింది. చెంచమ్మ కన్ను కమిలి ఉంది. నాకు సిగ్గేసింది, పదేళ్ళ సిగ్గు.

“చౌడప్పన్న చేతుల కోసరం. ఐదు పదులూ,” అన్నాను.

అలవాటంటే అలవాటే. అందరికంటే ముందు ఆయన గొంతే లేచింది: “తల్లీ, మా మనవి ఆలకించు.” అన్నాక గానీ ఆయనకు అర్థం కాలేదు.

మర్నాడు నేను తల్లిని ఎత్తుకున్నాను. చెంచమ్మ మూట ఎత్తుకుంది.

“మూట దించు. ఆయమ్మ పోతే పోనీ, నువ్వు ఈడ్నే ఉండు. ఆయప్ప వస్తే ఈసారి మగ్గం ఆపి లేస్తా,” అన్నాను.